ప్లగ్గు పెట్టే ముందు ఒక గంట

ఇంట్లో అడుగుపెడుతూనే ఫోను ఛార్జింగ్‌కి పెట్టే అలవాటు మనందరికీ ఉంది. ఎలక్ట్రిక్ బైకు కొన్నవాళ్లు అదే అలవాటును బండికీ అంటగడతారు. స్టాండు వేసీ వేయగానే వైరు తీసి ప్లగ్గు గుచ్చేస్తారు. రేపు పొద్దున్న బ్యాటరీ నిండుగా ఉండాలన్న ఆత్రం. ఫోను విషయంలో ఆ ఆత్రానికి పెద్ద నష్టం లేదు. బండి విషయంలో, అందులోనూ కలకత్తాలాంటి ఊళ్లో, అదే బ్యాటరీ ఆయుష్షును తినేస్తుంది. ఈ అధ్యాయంలో మిమ్మల్ని మార్చుకోమని అడిగేది ఆ ఒక్క అలవాటునే. రాగానే ప్లగ్గు పెట్టకండి. వీలైతే ఛార్జింగ్‌ని రాత్రి నుంచి పొద్దుటికి మార్చుకోండి.

ఊరి పేరు ప్రత్యేకంగా ఎత్తడానికి కారణం ఉంది. "రాత్రి చల్లబడ్డాక ఛార్జింగ్ పెట్టండి" అన్న సలహా బెంగళూరులో ఉండేవాళ్లకు అతికినట్టు సరిపోతుంది. కలకత్తాలో మే నెల రాత్రి పదకొండింటికి కూడా ముప్పై డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, చొక్కా ఒంటికి అంటుకునే ఉంటుంది. రాత్రి పదకొండుకీ తెల్లవారి ఐదుకీ తేడా రెండు మూడు డిగ్రీలకు మించదు. పగలు సంగతి చెప్పనక్కర్లేదు. 2024 ఏప్రిల్ 30న ఆలీపూర్ వాతావరణ కేంద్రంలో 43 డిగ్రీలు నమోదైంది. అదే రోజు ఖరగ్‌పూర్ పక్కనున్న కలైకుండాలో 47.2. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి తరాలుగా ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఆ వేసవి ఇంకా గుర్తుండే ఉంటుంది.

ఇక లెక్కలోకి వెళదాం. కాస్త ఓపిక పడితే చాలు, ఆ తర్వాత ఎవరి సలహా నమ్మాలో ఎవరిది వదిలేయాలో మీకే తెలిసిపోతుంది.

బ్యాటరీకి వేడి ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే చాలామంది ఛార్జింగ్ వల్ల అంటారు. అందులో నిజం కొంతే. తీగలో గానీ సెల్‌లో గానీ పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు అవుతుంది. 2019లో వచ్చిన రివోల్ట్ ఆర్‌వీ400నే తీసుకోండి. అందులో 72 వోల్టుల, 3.24 యూనిట్ల బ్యాటరీ ఉంటుంది. ఖాళీ నుంచి నిండడానికి దాదాపు నాలుగున్నర గంటలు. అంటే ఛార్జింగ్ సమయంలో ప్యాక్‌లోకి వెళ్లేది ఇంచుమించు 10, 11 ఆంపియర్లు. ఇప్పుడు అలాంటి బండి మీద వెనకాల మనిషిని ఎక్కించుకుని విద్యాసాగర్ సేతు ఎక్కుతున్నారనుకోండి. మోటారు 3 కిలోవాట్లు లాగితే బ్యాటరీ మీద 40 ఆంపియర్ల భారం పడుతుంది. ఛార్జింగ్ కరెంటుకు అది నాలుగు రెట్లకు కాస్త తక్కువ. వేడి మాత్రం దాదాపు 13 రెట్లు.

అంటే ఇంటి ఛార్జర్‌తో నెమ్మదిగా చేసే ఛార్జింగ్ ప్యాక్‌ను పెద్దగా వేడెక్కించదు. అసలు వేడిని మీరే దారి పొడవునా పోగుచేసి ఇంటికి తెస్తున్నారు. డల్‌హౌసీలో ఆఫీసు బయట మధ్యాహ్నమంతా ఎండలో నిలబెట్టిన బండి నల్ల ప్లాస్టిక్కు చుట్టూ ఉన్న గాలి కంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మామూలే. ఆ మీద సాయంత్రం ట్రాఫిక్‌లో ఆగుతూ, ఒక్కసారిగా దూకుతూ ఇంటికి చేరతారు. అప్పటికి ప్యాక్ లోపల 45 డిగ్రీలున్నా ఆశ్చర్యం లేదు. లిథియం అయాన్ సెల్ తయారీదార్లు ఛార్జింగ్‌కి సాధారణంగా గీసే పై గీత ఆ 45 దగ్గరే. వాడకానికి 60 దాకా ఒప్పుకుంటారు. కాబట్టి నడిపేటప్పుడు మూలగని బ్యాటరీ ప్లగ్గు పెట్టగానే మొరాయించడంలో వింతేమీ లేదు. యాప్‌లో "టెంపరేచర్ హై" అని చూపించి ఛార్జింగ్ నత్తనడక నడిస్తే సర్వీస్ సెంటరుకు ఫోను కొట్టకండి. లోపలున్న బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టం, అదే బీఎంఎస్, తన పని తాను చేస్తోంది.

మన దగ్గర దొరికే బైకుల బ్యాటరీల్లో చాలావాటిని చల్లబరచడానికి కార్లలోలాగా ద్రవం తిరిగే ఏర్పాటు ఉండదు. ప్యాక్ బరువు పదిహేను ఇరవై కిలోలు. చుట్టూ గట్టి పెట్టె. అంత ముద్దలోని వేడి బయటికి పోవాలంటే సమయం పట్టాలి. చల్లటి తడిగుడ్డ చుట్టడం, ఐసు ముక్కలు పెట్టడం లాంటివి వద్దు. కనెక్టర్లోకి చెమ్మ చేరితే కొత్త తంటా మొదలవుతుంది. నీడలో నిలిపి, సీటు కింద మూత తెరిచి, గాలి ఆడనిస్తే గంటలో చాలా భాగం దిగిపోతుంది. మండు వేసవిలో గంటన్నర ఇవ్వండి. టేబుల్ ఫ్యాను ఉంటే ప్యాక్ వైపు తిప్పండి, ఇంకా త్వరగా అవుతుంది.

పొద్దుటి ఛార్జింగ్ ఎందుకు

గంట ఆగి రాత్రి తొమ్మిదికి పెడితే సరిపోదా? ప్యాక్ చల్లబడే మాట వరకు సరిపోతుంది. కానీ రెండు ఇబ్బందులు మిగిలిపోతాయి. ఒకటి, మీరు నిద్రపోయాక కూడా ఛార్జింగ్ నడుస్తూనే ఉంటుంది. ఏదైనా తేడా వస్తే వాసన పట్టే మనిషి మేలుకుని ఉండడు. రెండోది అంత భయపెట్టేది కాదు గానీ రోజూ జరిగేది. అర్ధరాత్రికే బ్యాటరీ నూటికి నూరు నిండిపోయి, తొమ్మిదింటికి మీరు బయల్దేరేదాకా ఆ ఉక్కలో నిండుగా కూర్చుంటుంది. లిథియం సెల్‌ను ముసలిదాన్ని చేసేవి వేడి, నిండుదనం. రెండూ కలిస్తే ఇంకా చేటు. వేడి పది డిగ్రీలు పెరిగితే సెల్‌ను అరగదీసే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుందన్నది ఇంజనీర్లు వాడే మోటు లెక్క. మోటుదే అయినా దారి సరిగ్గానే చూపిస్తుంది.

కలకత్తాకు సూర్యుడు తొందరగా వస్తాడు. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్క మీద. ఊరేమో 88 దాటి తూర్పున ఉంది. మే నెలలో ఐదు గంటలకల్లా వెలుగు వచ్చేస్తుంది. రోజు మొత్తంలో కాస్త చల్లగా ఉండే వేళ కూడా అదే. రాత్రంతా నిలిచి ఉన్న ప్యాక్ అప్పటికి చుట్టూ ఉన్న గాలితో సమానంగా చల్లబడి ఉంటుంది. మీరు లేచే ఉంటారు, కాఫీ డికాక్షన్ దిగుతూ ఉంటుంది. ఛార్జింగ్‌కి అంతకంటే మంచి ముహూర్తం ఈ ఊళ్లో లేదు.

"పొద్దున్నే నాలుగున్నర గంటలు ఎక్కడి నుంచి వస్తాయండీ" అంటారు. రోజూ నాలుగున్నర గంటలు ఎవరికి కావాలి? బేహాలా నుంచి డల్‌హౌసీకి వెళ్లి రావడం, మధ్యలో ఒకటి రెండు పనులు కలిపినా 30 కిలోమీటర్లనుకోండి. ఊళ్లో తిరిగే ఇలాంటి బైకు అంత దూరానికి ఖర్చు చేసేది ఇంచుమించు ఒక యూనిట్. ఛార్జర్ గంటకు 0.7, 0.8 యూనిట్ ఎక్కిస్తుంది. గంటన్నర చాలు. ఐదున్నరకి పెడితే ఏడుకి తీసేయొచ్చు. తీసేసరికి 80, 85 శాతం దగ్గర ఉంటే అక్కడే ఆపండి, నింపాలన్న పట్టుదల వద్దు. వారానికో పది రోజులకో ఒకసారి మాత్రం పూర్తిగా నిండనివ్వండి. సెల్‌లన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చుకునే పనిని బీఎంఎస్ చాలావరకు ఆ చివర్లోనే చేసుకుంటుంది. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం సెల్‌లున్న బండి అయితే ఈ పూర్తి ఛార్జింగ్ ఇంకా అవసరం. లేకపోతే శాతం లెక్క తప్పి, 20 చూపిస్తూనే దారిలో ఆగిపోవచ్చు. మీ బండి పుస్తకంలో ఇంతకు భిన్నంగా రాసి ఉంటే నా మాట పక్కన పెట్టి దాన్నే పాటించండి.

పొద్దున లేవడం మీ వల్ల కాదనుకుంటే అదేమీ నేరం కాదు. రాత్రి తొమ్మిదికి పెట్టి, పడుకోబోయే ముందు తీసేయండి. మేలుకున్న వేళల్లోనే ఛార్జింగ్ పూర్తి కావాలన్న నియమం ఒక్కటి దాటకండి. టైమర్ పెట్టి తెల్లవారుజామున రెండింటికి మొదలుపెట్టించే తెలివి కొందరు చూపిస్తారు. కలకత్తాలో ఆ రెండు మూడు డిగ్రీల లాభం కోసం నిద్రలో అంత ముప్పు కొనుక్కోవడం బేరం కాదు.

చలికాలం మాట ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. జనవరిలో ఇక్కడి చలి లిథియంకు చలే కాదు, అది భయపడే సున్నా డిగ్రీ ఈ ఊరికి రాదు.

వేడి వేరు, నిప్పు వేరు

చాలామంది మనసులో ఈ రెండూ కలిసిపోయాయి. 43 డిగ్రీల ఎండకే బ్యాటరీ అంటుకుంటుందని భయపడేవాళ్లున్నారు. సెల్ లోపలి పొరలు విచ్చిపోవడం మొదలయ్యేది వంద డిగ్రీలకు అటూ ఇటూ. లోపలి ప్లాస్టిక్ తెర కరిగేది 130 దగ్గర. ఎండ ఒక్కటే అక్కడికి చేర్చలేదు. చేర్చేవి వేరే ఉన్నాయి: సెల్ తయారీలో లోపం, చవక బీఎంఎస్, ఊడిన వెల్డింగు, నీరు చేరడం, కింద పడి నొక్కుకుపోవడం, ఒక బండి ఛార్జర్ ఇంకో బండికి పెట్టడం. ఎండ మాత్రం ఈ లోపాలకు గడువు దగ్గర చేస్తుంది.

2022 వేసవి మన రాష్ట్రాల్లో మరిచిపోలేనిది. ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక ఇంట్లో, విజయవాడలో ఇంకో ఇంట్లో, ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా బ్యాటరీని బండిలోంచి తీసి మనుషులు పడుకున్న చోటే పెట్టారు. సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పై అంతస్తుల్లోని లాడ్జిలోకి పొగ ఎక్కి ఎనిమిది మంది చనిపోయారు. ఆ వేసవి ప్రమాదాల మీద కేంద్ర రవాణా శాఖ వేసిన నిపుణుల కమిటీకి అధ్యక్షుడు హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థకు అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు. విశాఖపట్నంలోని రక్షణ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ శాస్త్రవేత్త కూడా అందులో ఉన్నారు. ఆ కమిటీ సిఫార్సులతో బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాన్ని సవరించి, 2022 డిసెంబరు 1 నుంచి మొదటి విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమల్లోకి తెచ్చారు. ప్యాక్‌లో అదనపు ఉష్ణోగ్రత సెన్సార్లు, వేడి మితిమీరితే శబ్దంతో వెలుగుతో హెచ్చరిక, ఒక సెల్ అంటుకుంటే పక్కవాటికి పాకకుండా చూసే పరీక్ష అందులో ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు దీన్నుంచి ఒక సులువైన గీత దొరుకుతుంది. 2023 మార్చి 31కి ముందు తయారైన బండి అయితే బ్యాటరీ మార్చారో లేదో అడగండి. సూటిగా చెప్పలేకపోతే ధర ఎంత తగ్గించినా వదిలేయండి.

ఎక్కడ పెట్టాలి

ఉత్తర కలకత్తా పాత ఇళ్లు చూసినవాళ్లకు ఈ చిక్కు తెలుసు. సన్నటి సందు, వీధి వైపు అరుగు, తలుపు తీయగానే మెట్లు, ఆ మెట్ల కిందే ఇంటిల్లిపాది కరెంటు మీటర్లు. బండి పట్టే చోటు అదొక్కటే, సాకెట్టు కూడా అక్కడే. దక్షిణాన గడియాహాట్, టాలీగంజ్ ఫ్లాట్లలోనూ లిఫ్టు పక్క మూల ఇలాంటిదే. బండి అక్కడ నిలుపుకోండి, కాదనను. ఛార్జింగ్ మాత్రం అక్కడ వద్దు. మెట్లదారి ఇంటి పొగగొట్టంలా పనిచేస్తుంది, పైవాళ్లు దిగాల్సిందీ అదే దారిలో. 2010 మార్చి 23న పార్క్ స్ట్రీట్ స్టీఫెన్ కోర్టులో మంటలకు బ్యాటరీతో సంబంధం లేదు. కానీ పొగ నిండిన మెట్లు, తాళం వేసిన మేడ తలుపు అక్కడ నలభై మందికి పైగా ప్రాణాలు పోవడానికి కారణమయ్యాయి. ఆ ఊళ్లో ఉంటూ మెట్ల కింద బ్యాటరీ పెట్టడానికి నాకు మనసొప్పదు.

బ్యాటరీ బయటికి తీసే వీలున్న బండి అయితే వరండా గచ్చు మీద పెట్టండి. ఇక్కడి ఇళ్లలో ఎర్రగా మెరిసే పాత గచ్చు ఉంటుంది, అది అంటుకోదు, వేడినీ కొంత లాక్కుంటుంది. మంచం, దోమతెర, దినపత్రికల కట్ట, గ్యాస్ బండ దగ్గర లేకుండా చూడండి. మీకూ బయటి గుమ్మానికీ మధ్య మాత్రం పెట్టకండి.

ఏసీ గదిలో చల్లగా ఉంటుంది కదా అని అక్కడ పెట్టేవాళ్లకు కలకత్తా గాలి ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. వానాకాలంలో ఇక్కడి గాలిలో తేమ ఎంతంటే, 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీళ్లు కమ్ముకుంటాయి. రాత్రంతా 23 డిగ్రీల గదిలో ఉన్న ప్యాక్‌ను పొద్దున బయటికి తెస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే చెమట పడుతుంది. ఆ తడి పిన్నుల మీద కూడా ఉంటుంది. అరగంట పైన బయట ఉంచి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడే బండికి తగిలించండి.

ఛార్జర్ పెట్టె గురించి ఎవరూ పట్టించుకోరు. 800 వాట్లు ఇచ్చే ఛార్జర్ పది శాతం దాకా తనలోనే వేడిగా పోగొట్టుకోవచ్చు, అంటే 80 వాట్లు. ఆ సమయంలో బ్యాటరీలో పుట్టే వేడి కంటే ఇది చాలా ఎక్కువ. దాన్ని సీటు కింద అరలో మూసి పెట్టడం, బ్యాటరీ మీదే ఆనించడం, వాన పడుతోందని గోనెసంచి కప్పడం చేస్తే ఆ వేడంతా బ్యాటరీకి మీ చేతులతో అందించినట్టే. గచ్చు మీద, బ్యాటరీకి బారెడు దూరంలో ఉంచండి. దాని చిన్న ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించాలి.

ప్లగ్గు దగ్గర కూడా కన్నేయండి. ఇంటి నుంచి లాగే కరెంటు నాలుగైదు ఆంపియర్లే అయినా కంపెనీలు పెద్ద మూడు పిన్నుల సాకెట్టే అడుగుతాయి. గంటల తరబడి ఆగకుండా నడిచే కరెంటుకు పట్టు గట్టిగా ఉండాలి, ఎర్తింగ్ నిజంగా ఉండాలి. ఛార్జింగ్ మొదలై అరగంటయ్యాక ప్లగ్గు వెనక ప్లాస్టిక్‌ను వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేలు నిలపలేకపోతే ముందు స్విచ్చి ఆపి ఆ తర్వాత పీకండి, ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్టు మార్చేదాకా మళ్లీ పెట్టకండి. రెండో అంతస్తు కిటికీలోంచి వేలాడదీసిన సన్నటి ఎక్స్‌టెన్షన్ వైర్లు ప్రతి పేటలోనూ కనిపిస్తాయి. మిగిలిన వైరును చుట్టగా చుట్టి వదిలేస్తే ఆ చుట్టే వేడెక్కుతుంది.

టోటో నడిపేవాళ్ల సలహా గురించి కూడా ఒక మాట. బ్యాటరీ బళ్లతో రోజూ పాట్లు పడేవాళ్లు వాళ్లే కాబట్టి మనం వినాలనిపిస్తుంది. కానీ టోటోలనే ఆ ఈ-రిక్షాల్లో ఎక్కువ వాటికి ఉండేది లెడ్ యాసిడ్ బ్యాటరీ. రాత్రంతా పెట్టి పూర్తిగా నింపాలి, సగంలో వదిలేయకూడదు అన్నవి దానికి సరైన సూత్రాలే. లిథియంకు అవి తిరగబడతాయి. టోటోలు వరసగా ఛార్జింగ్ పెట్టే షెడ్డులో మీ బండి పెట్టమన్నా వద్దనండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండే వేళకు హైడ్రోజన్ వదులుతుంది.

నీళ్లు కూడా చివరికి వేడి కథలోకే వస్తాయి. 2025 సెప్టెంబరు 23న, దుర్గాపూజకు కొద్ది రోజుల ముందు, ఒక్క రాత్రి వానకు నగరం మునిగింది. నీళ్లలో కరెంటు పాకి పలువురు చనిపోయారు. సవరించిన ప్రమాణం ప్రకారం వచ్చిన ప్యాక్‌కు ఐపీఎక్స్7 రక్షణ ఉండాలి. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకోవాలి. వాన పడితే మునిగే ఠంఠనియా దగ్గర నీళ్లు అరగంటలో దిగుతాయా మీరే చెప్పండి. పైగా కొత్త ప్యాక్‌కు పెట్టిన పరీక్ష అది, నాలుగేళ్లు గుంతల్లో ఊగిన ప్యాక్‌కు కాదు. రాత్రంతా మునిగిన బండిని ఎండబెట్టి ఛార్జింగ్ పెట్టేయకండి. లోపల చేరిన నీరు తుప్పు పట్టించి, వారాల తర్వాత ఒక మామూలు ఛార్జింగ్‌లో వేడిగా బయటపడవచ్చు. సర్వీస్ వాళ్లు తెరిచి చూశాకే పెట్టండి.

ఛార్జింగ్‌లో ఉండగా తీపి కలిసిన రసాయనం లాంటి వాసన, బుస్సుమనే శబ్దం, పెట్టె ఉబ్బడం కనిపిస్తే అందరినీ బయటికి పంపండి. దారిలో చేతికందితే మెయిన్ ఆపండి, లేకపోతే దాని కోసం వెనక్కి వెళ్లకండి. 101కి గానీ 112కి గానీ ఫోను చేసి "లిథియం బ్యాటరీ" అన్న మాట తప్పకుండా చెప్పండి. ఆ పొగ విషం, పైగా అంటుకునే గుణమున్నది. ఆరిందనుకున్న ప్యాక్ గంటల తర్వాత మళ్లీ రాజుకోగలదు, కాబట్టి దాన్ని ఇంట్లోకి తేవద్దు.

పూజ సెలవులకో సంక్రాంతికో హౌరాలో రైలెక్కి ఊరు వెళ్లేవాళ్లు బండిని నిండుగా నింపి వెళతారు, తిరిగి రాగానే వాడుకోవచ్చని. సగం దగ్గర ఆపండి. ఛార్జర్ గోడ నుంచి పీకేయండి. బండి నీడలో, వాన నీరు చేరని ఎత్తులో ఉండాలి. నెల దాటి ఉండేట్టయితే పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి, శాతం ఎంతుందో ఒకసారి చూసి ఫోను చేయమనండి. 20కి దిగితే వాళ్లు మేలుకుని ఉన్న వేళ ఒక గంట ఛార్జింగ్ పెడితే చాలు.